సిగరెట్ మానడానికి ప్యాచా, గమ్మా, లాజెంజా? మీకు సరిపోయేది ఎంచుకుని సరిగ్గా వాడే పద్ధతి

సిగరెట్‌లో అలవాటు పట్టించే పదార్థం నికోటిన్, దాన్ని పొగ లేకుండా ఇచ్చి కోరిక తగ్గించే మందులే ఇవి: చర్మానికి అతికించే ప్యాచ్, నమిలే గమ్, నోట్లో కరిగే బిళ్ళ లాజెంజ్. "ప్యాచ్ మంచిదా గమ్ మంచిదా, ఒక్కటే చెప్పండి" అని అడిగేవాళ్ళే ఎక్కువ, కానీ ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేదు, ఎందుకంటే అది మందుని బట్టి కాదు మీరు సిగరెట్ తాగే తీరుని బట్టి ఉంటుంది. పొద్దున కళ్ళు తెరవగానే వెలిగించే మనిషికీ, సాయంత్రం నలుగురు కలిసినప్పుడు మాత్రమే తాగే మనిషికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది?

ఇంకో మాట ముందే చెప్పేస్తా. "నాకు గమ్ పనిచెయ్యలేదండీ" అని వదిలేసినవాళ్ళని కాస్త కూర్చోబెట్టి అడిగితే, ఎక్కువమంది తక్కువ మోతాదు వాడారు, లేదా తప్పుగా నమిలారు, లేదా రెండు వారాలకే ఆపేశారు. నేను కూడా మొదటిసారి అదే బ్యాచ్.

1. ముందు మూడు రోజులు మామూలుగా తాగుతూనే రాసుకోండి

మెడికల్ షాపుకి ఇప్పుడే పరిగెత్తొద్దు. మూడు రోజుల పాటు ఫోన్లో నోట్స్ ఓపెన్ చేసి ప్రతి సిగరెట్‌కీ టైమ్ కొట్టండి, పక్కన ఒక్క మాట రాయండి చాలు: "లేచాక", "కాఫీతో", "ఫోన్లో గొడవ", "ఊరికే".

మూడు రోజులయ్యాక ఇవి తేల్చుకోండి:

☐ నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకి మొదటి సిగరెట్? 30 నిమిషాల లోపా, తర్వాతా?
☐ రోజుకి సగటున ఎన్ని? 10కి పైనా, 10 లేదా అంతకన్నా తక్కువా?
☐ రోజంతా సమానంగా తాగుతున్నారా, లేక ఒక టైమ్‌లో గుంపుగా పడుతున్నాయా?
☐ ఏ రెండు మూడు సందర్భాల్లో అస్సలు ఆగలేకపోతున్నారు?

వీటిలో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యం. రాత్రంతా నిద్రలో ఒంట్లో నికోటిన్ తగ్గిపోతుంది కదా, లేచాక ఎంత తొందరగా చెయ్యి ప్యాకెట్ మీదకి పోతుందో అంత గట్టిగా అలవాటు పడ్డారని లెక్క. రోజుకి ఎన్ని అనే లెక్క మనం తగ్గించి చెప్పుకుంటాం, పొద్దున టైమ్ మాత్రం అబద్ధం చెప్పదు.

2. కొనే ముందు డాక్టర్‌ని అడగాల్సినవాళ్ళు

ఈ మందులు చాలామందికి సేఫే, సిగరెట్ కన్నా ఎన్నో రెట్లు మేలు, క్యాన్సర్ తెచ్చేది పొగలో ఉండే మిగతా చెత్త, నికోటిన్ పని ముఖ్యంగా అలవాటు చెయ్యడం. అయినా కింది వాటిలో ఏదైనా ఉంటే సొంతంగా మొదలుపెట్టొద్దు:

☐ ఈ మధ్యే, అంటే గత రెండు వారాల్లో గుండెపోటు వచ్చింది, లేదా గుండె లయ తప్పుతోంది, ఛాతీ నొప్పి ఎక్కువవుతోంది
☐ గర్భంతో ఉన్నారు, పాలిస్తున్నారు
☐ 18 ఏళ్ళ లోపు వయసు
☐ షుగర్‌కి ఇన్సులిన్, రక్తం పలచబడే వార్ఫరిన్, ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక ఆరోగ్యానికి క్లోజాపిన్ లేదా ఓలాంజపిన్ వాడుతున్నారు

ఆ చివరిది చాలామందికి తెలీదు. సిగరెట్ పొగలో ఉండే పదార్థాలు లివర్‌ని తొందరపెట్టి కొన్ని మందుల్ని త్వరగా కరిగించేస్తాయి, పొగ ఆగిపోతే అదే డోసు ఒంట్లో ఎక్కువైపోతుంది. ప్యాచ్ వేసుకున్నా ఇది జరుగుతుంది, కారణం పొగ కాబట్టి. అందుకే "ఫలానా తేదీన సిగరెట్ మానేస్తున్నా" అని డాక్టర్‌కి ముందే చెప్పాలి.

3. ఏది ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా

సిగరెట్ దమ్ము లాగితే నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకి చేరిపోతుంది. ఈ మందుల్లో ఏదీ అంత స్పీడుగా పనిచెయ్యదు, ఆ "జుమ్" రాదు, దాని కోసం ఎదురుచూడొద్దు. వీటి పని ఒంట్లో ఆ గిలగిల తగ్గించడం, అంతే.

ప్యాచ్ అంటే చర్మానికి అతికించే పట్టీ, గంటల తరబడి సన్నగా ఒకే ధారలా నికోటిన్ ఇస్తుంది. పొద్దున అతికించి మర్చిపోవచ్చు, కానీ ఉన్నట్టుండి తాగాలనే ఊపొస్తే అప్పటికప్పుడు ఏమీ చెయ్యలేదు.

గమ్, లాజెంజ్, నోట్లో కొట్టే స్ప్రే ఇవన్నీ ఇంకో జాతి. అవసరమైనప్పుడు వాడతారు, కొన్ని నిమిషాల్లో పని మొదలుపెడతాయి, కానీ గుర్తుపెట్టుకుని వాడాలి. ముక్కులో కొట్టే స్ప్రే, నోటితో పీల్చే ఇన్‌హేలర్ కూడా ఉన్నాయి, అవి కొన్ని దేశాల్లో డాక్టర్ చీటీ మీదే ఇస్తారు, కొన్నిచోట్ల దొరకవు కూడా.

ఈ-సిగరెట్ ఈ లిస్టులో లేదు. అది వేరే చర్చ.

4. మీ నోట్స్ చూసి ఎంచుకోండి

లేచిన అరగంటలోపే మొదటిది, రోజుకి 10కి పైన: ప్యాచ్ ఒక్కటీ చాలదు, గమ్ ఒక్కటీ చాలదు. రోజంతా ఆధారంగా ప్యాచ్, కోరిక వచ్చినప్పుడు దాని పైన గమ్ లేదా లాజెంజ్. రెండూ కలిపి వాడితే ఒక్కదానికన్నా ఎక్కువమంది మానగలుగుతున్నారని పరిశోధనల్లో బాగానే తేలింది, "రెండు నికోటిన్‌లు కలిపితే ప్రమాదం కదా" అని భయపడక్కర్లేదు, మీరు రోజూ ప్యాకెట్ తాగుతున్నప్పుడు అంతకన్నా ఎక్కువే, అదీ పొగతో కలిపి, లోపలికి వెళ్తోంది.

రోజంతా సమానంగా, కానీ మరీ ఎక్కువ కాదు: ప్యాచ్‌తో మొదలుపెట్టండి, జేబులో ఒక గమ్ స్ట్రిప్ ఉంచుకోండి.

ఒకే టైమ్‌లో గుంపుగా, మిగతా రోజంతా అసలు గుర్తే రాదు: గమ్ లేదా లాజెంజ్ చాలు. అక్కర్లేని టైమ్‌లో నికోటిన్ ఎక్కించుకోవడం ఎందుకు.

కట్టుడు పళ్ళు, దవడ కీలు నొప్పి, కదిలే పన్ను: గమ్ జోలికి పోవద్దు, లాజెంజ్ తీసుకోండి.

చర్మం సున్నితం, ప్లాస్టర్ అతికిస్తేనే దద్దుర్లు, ఎగ్జిమా, సోరియాసిస్: ప్యాచ్ వద్దు.

రోజూ గుర్తుపెట్టుకుని వాడటం మీవల్ల కాదా? ప్యాచే మీకు. చేతికి, నోటికి ఏదో ఒక పని కావాలా? గమ్. నలుగురిలో నమలడం బాగోదనుకుంటే లాజెంజ్ కనపడకుండా నోట్లో ఉండిపోతుంది.

5. మోతాదు తేల్చుకోవడం

24 గంటల ప్యాచ్‌లు 21, 14, 7 మి.గ్రా. సైజుల్లో వస్తాయి. 10కి పైన తాగేవాళ్ళకి మామూలు వరస: 21 మి.గ్రా. 6 వారాలు, 14 మి.గ్రా. 2 వారాలు, 7 మి.గ్రా. 2 వారాలు. 10 లేదా తక్కువైతే 14తో మొదలుపెట్టి 6 వారాలు, తర్వాత 7తో 2 వారాలు. పగలు మాత్రమే వేసుకునే 16 గంటల ప్యాచ్‌లకి నంబర్లు వేరేగా ఉంటాయి, 25, 15, 10 అని, రెండిటినీ కలిపేసుకుని కంగారుపడొద్దు, డబ్బా మీద ఏది ఉందో చూసుకోండి.

గమ్, లాజెంజ్ 2, 4 మి.గ్రా. రెండు రకాలు. లేచిన 30 నిమిషాల లోపు తాగేవాళ్ళకి 4, తర్వాత తాగేవాళ్ళకి 2. ఇక్కడ రోజుకి ఎన్ని అనేది కాదు, పొద్దున టైమే లెక్క.

చాలామంది "ముందు 2తో ట్రై చేద్దాం, చాలకపోతే అప్పుడు చూద్దాం" అంటారు. అలా వద్దు. చాలకపోతే మీరు 4 కొనడానికి వెళ్ళరు, సిగరెట్ కొనడానికి వెళ్తారు. 4 మి.గ్రా. గమ్ మొత్తం నమిలినా అందులో దాదాపు సగమే ఒంటికి పడుతుంది, కాబట్టి నంబర్ చూసి బెదిరిపోవద్దు.

6. ప్యాచ్ వేసే పద్ధతి

1) రోజూ ఒకే టైమ్, లేవగానే. భుజం కింద చేతి పైభాగం, ఛాతీ పైన, వీపు, తుంటి, ఏదైనా సరే కానీ శుభ్రంగా, పొడిగా, వెంట్రుకలు లేకుండా ఉండాలి. నూనె, లోషన్, పౌడర్ రాసి ఉంటే అతుక్కోదు.

2) అరచేతితో పది సెకన్లు గట్టిగా నొక్కి పెట్టండి, అంచులు ఒకసారి వేలితో సరిచూడండి. తర్వాత చేతులు కడుక్కోండి, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే మండిపోతుంది.

3) మర్నాడు కొత్త చోట వెయ్యండి. అదే చోటికి మళ్ళీ రావడానికి కనీసం వారం గ్యాప్ ఉండాలి.

4) తీసేసిన ప్యాచ్‌ని జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లలకీ పెంపుడు జంతువులకీ అందకుండా పారేయండి. వాడేసినదాంట్లో కూడా ఇంకా నికోటిన్ మిగిలే ఉంటుంది.

స్నానం చెయ్యొచ్చు, ఊడదు. కత్తిరించి సగం వాడటం మాత్రం చెయ్యొద్దు. దాని మీద హీటింగ్ ప్యాడ్ పెట్టొద్దు, వేడికి ఒక్కసారిగా ఎక్కువ ఎక్కేస్తుంది. ఎంఆర్ఐ స్కాన్ ఉంటే ముందే చెప్పి తీసేయాలి, కొన్ని ప్యాచ్‌ల వెనక లోహపు పొర ఉంటుంది, కాలే అవకాశం ఉంది.

వేసిన చోట మొదటి గంట కొంచెం దురద, జిలగా అనిపిస్తుంది, పర్లేదు. తీసేశాక కూడా నాలుగు రోజులకి ఎరుపు తగ్గకపోతే, వాచిపోతే ఆపేసి డాక్టర్‌కి చూపించండి.

7. గమ్ నమిలే పద్ధతి (అందరూ తప్పు చేసేది ఇక్కడే)

నేను మొదటిసారి దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా పరపరా నమిలేశాను. రెండు నిమిషాల్లో గొంతు మండింది, ఆ తర్వాత ఎక్కిళ్ళు, అదీ మీటింగ్ మధ్యలో, అందరూ నీళ్ళ గ్లాసు నా వైపు జరిపేస్తున్నారు. స్ట్రిప్ మొత్తం డస్ట్‌బిన్‌లో పడేసి సాయంత్రానికి సిగరెట్ వెలిగించా. తప్పు గమ్‌ది కాదు. నికోటిన్ బుగ్గ లోపలి చర్మం నుంచి ఎక్కాలి, నమిలి మింగేస్తే కడుపులోకి పోయి అక్కడ మంట పెడుతుంది, ఎక్కినదాంట్లో ఎక్కువ భాగాన్ని లివరే ఖతం చేసేస్తుంది. అంటే ఫలితం సున్నా, బాధ ఫుల్లు.

సరైన పద్ధతి:

1) ముందు 15 నిమిషాలు ఏమీ తినొద్దు, తాగొద్దు, మంచినీళ్ళు తప్ప. ముఖ్యంగా కాఫీ, కూల్‌డ్రింక్, పళ్ళరసం. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ బుగ్గలోకి ఎక్కదు.

2) మెల్లగా, చాలా మెల్లగా నమలండి. ఒక పదిహేను సార్లు నమిలేసరికి మిరియం కొరికినట్టు ఘాటు తగులుతుంది, లేదా చిగురు దగ్గర చురచురమంటుంది.

3) ఆ క్షణమే ఆపండి. బుగ్గకీ చిగురుకీ మధ్య గమ్‌ని దాచిపెట్టండి. ఒక నిమిషం అలా వదిలేయండి.

4) చురచుర తగ్గాక మళ్ళీ మెల్లగా నమలండి, ఘాటు రాగానే ఈసారి రెండో బుగ్గలో పెట్టండి.

5) ఇలా దాదాపు అరగంట. నమిలినా ఘాటు రాకపోతే అయిపోయినట్టు, కాగితంలో చుట్టి పారేయండి.

అరగంటలో మీరు నిజంగా నమిలేది అయిదారు నిమిషాలే ఉంటుంది, మిగతా టైమంతా అది బుగ్గలో కూర్చునే ఉండాలి.

గమ్ ఒక్కటే వాడేవాళ్ళు మొదటి 6 వారాలు గంటకో, రెండు గంటలకో ఒకటి వెయ్యాలి, రోజుకి కనీసం 9, ఎంత ఎక్కువైనా 24 దాటొద్దు. 7వ వారం నుంచి 9వ వారం దాకా రెండు నుంచి నాలుగు గంటలకి ఒకటి, 10వ వారం నుంచి 12వ వారం దాకా నాలుగు నుంచి ఎనిమిది గంటలకి ఒకటి. ప్యాచ్‌తో కలిపి వాడితే ఈ టైమ్ టేబుల్ అక్కర్లేదు, కోరిక వచ్చినప్పుడే.

8. లాజెంజ్, స్ప్రే

లాజెంజ్‌ని నమలొద్దు, మింగొద్దు, బుగ్గలో పెట్టి అప్పుడప్పుడూ ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మార్చండి, 20 నుంచి 30 నిమిషాల్లో కరుగుతుంది, మినీ సైజువి ఇంకా తొందరగా. గమ్‌కి చెప్పిన 15 నిమిషాల రూల్ దీనికీ ఉంది. 6 గంటల్లో 5కి మించి, రోజుకి 20కి మించి వద్దు.

నోటి స్ప్రేని బుగ్గ లోపలి వైపు కొట్టాలి, గొంతులోకి కాదు, కొట్టాక కొన్ని సెకన్లు మింగకుండా ఆగాలి. ఇన్‌హేలర్‌ని సిగరెట్‌లా ఊపిరితిత్తుల్లోకి లాగకూడదు, నోటి వరకే చిన్న చిన్న పఫ్‌లు.

9. మానే రోజు, ముందు రాత్రి నుంచి

తేదీ వారం రెండు వారాల్లోపు పెట్టుకోండి, అంతకన్నా దూరం పెడితే అది జరగదు.

ముందు రాత్రి:

☐ ప్యాచ్, గమ్ రెండూ మంచం పక్కనే, లేవగానే అందేలా
☐ ఇంట్లో, బండిలో, బ్యాగ్‌లో, పాత ప్యాంటు జేబుల్లో ఉన్న సిగరెట్లు, లైటర్లు, యాష్‌ట్రే మొత్తం బయటికి
☐ ప్రతి జేబుకీ, బ్యాగ్‌కీ, ఆఫీసు డ్రాయర్‌కీ ఒక స్ట్రిప్
☐ ఇంట్లోవాళ్ళకి ఒక మాట: "వారం రోజులు చిరాకు పడతా, పట్టించుకోవద్దు"

పొద్దున ప్యాచ్ వేసినా అది పూర్తిగా అందుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది, సరిగ్గా ఆ టైమే మీకు అన్నిటికన్నా కష్టం. అందుకే మొదటి వారం లేవగానే ప్యాచ్ వేసి వెంటనే ఒక గమ్ కూడా నోట్లో పెట్టుకోండి, కాఫీ దాని తర్వాత. మానే తేదీకి కొన్ని రోజుల ముందే ప్యాచ్ మొదలుపెట్టే పద్ధతి కూడా ఉంది, కొంతమందికి అది బాగా పనికొస్తుంది, డాక్టర్‌ని అడిగి చెయ్యండి.

మీ నోట్స్‌లో "ఆగలేను" అని రాసుకున్న సందర్భాలు ఉన్నాయి కదా, వాటికి పదిహేను ఇరవై నిమిషాల ముందే గమ్ వెయ్యండి. కోరిక పీక్‌కి వెళ్ళాక వేస్తే అది పనిచేసేలోపు మీరు బయట నిలబడి లైటర్ అడుగుతుంటారు. ఒక్కో కోరిక చాలావరకు అయిదు పది నిమిషాల్లో తగ్గిపోతుంది, ఆ కాసేపు చోటు మారండి, నీళ్ళు తాగండి.

కాఫీ సగానికి తగ్గించండి. పొగ ఆగాక కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, అవే కప్పులు తాగితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, దాన్ని మనం "సిగరెట్ లేక" అనుకుని మోసపోతాం.

10. ఎక్కువైందా, తక్కువైందా? తేడా పట్టుకోవడం

చిరాకు, ఆకలి, కూర్చోలేకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం, దిగులు: ఇవి నికోటిన్ చాలడం లేదని చెప్పే గుర్తులు. మొదటి రెండు మూడు రోజులు బాగా ఎక్కువ, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. గమ్‌లు పెంచండి, లేదా మోతాదు సరిచూడండి.

వికారం, తల తిరగడం, చల్లటి చెమట, గుండె దడ: ఇవి ఎక్కువైన గుర్తులు. గమ్ ఆపండి, ప్యాచ్ తీసి ఆ చోటు నీళ్ళతో కడగండి (సబ్బు వద్దు), తక్కువ మోతాదు గురించి మాట్లాడండి. తగ్గకపోతే, ఛాతీ నొప్పి ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి.

ఇంకొన్ని మామూలు ఇబ్బందులు:

పిచ్చి పిచ్చి కలలు, రాత్రి మెలకువ: పడుకునే ముందు ప్యాచ్ తీసేయండి. పొద్దున కోరిక గట్టిగా ఉంటుంది, గమ్‌తో సర్దుకోండి.

ఎక్కిళ్ళు, గుండెల్లో మంట: తొందరగా నములుతున్నారు, ఉమ్మి ఎక్కువ మింగుతున్నారు.

దవడ నొప్పి: బుగ్గలో దాచే టైమ్ పెంచండి, లేదా లాజెంజ్‌కి మారండి.

ప్యాచ్ మధ్యాహ్నానికే ఊడిపోతోంది: చెమట పట్టే చోటు, వెంట్రుకలున్న చోటు మార్చండి. ఊడితే కొత్తది వేసి, మర్నాడు మళ్ళీ మామూలు టైమ్‌కే మార్చండి.

11. ఎప్పుడు తగ్గించాలి

మూడో వారంలో ఒక రోజు "అరె, పొద్దున్నించీ గుర్తే రాలేదే" అనిపిస్తుంది, అదే రోజు చాలామంది ప్యాచ్ పీకేసి కోర్సు అయిపోయిందనుకుంటారు. గుర్తు రానిది ప్యాచ్ ఉండబట్టే. ప్యాచ్ వరస 8 నుంచి 10 వారాలు, గమ్ 12 వారాలు పూర్తి చెయ్యండి, తగ్గించేటప్పుడు ముందు ప్యాచ్ సైజు దించి, గమ్‌ని చివర్లో వదలండి.

12 వారాలు దాటినా రోజుకి రెండు మూడు గమ్‌లు కావాలనిపిస్తే తప్పేం లేదు, డాక్టర్‌కి చెప్పి ఇంకొంతకాలం వాడండి. గమ్‌కి అలవాటు పడిపోతానేమో అని భయపడి సిగరెట్‌కి వెనక్కి పోవడం కన్నా నవ్వొచ్చే పని ఇంకోటి లేదు.

12. మధ్యలో ఒక సిగరెట్ తాగేస్తే

ప్యాచ్ తీసేయొద్దు. "ఇక అయిపోయింది" అని మందులన్నీ పక్కన పడేసి ప్యాకెట్ కొనుక్కోవడమే అసలు నష్టం. ప్యాచ్ ఉండగా ఒక సిగరెట్ తాగితే మహా అయితే కాస్త వికారంగా ఉంటుంది. మిగతా ప్యాకెట్ నీళ్ళలో ముంచి పారేయండి, నోట్స్ ఓపెన్ చేసి టైమ్, సందర్భం రాయండి, రేపు అదే టైమ్‌కి ఇరవై నిమిషాల ముందు గమ్ వెయ్యడానికి అలారం పెట్టుకోండి.

అదే పని వారంలో మూడు నాలుగు సార్లు జరిగితే మోతాదు చాలట్లేదన్నట్టు. ఒక్కటే వాడుతుంటే రెండోది కలపండి, 2 వాడుతుంటే 4 గురించి అడగండి, అప్పటికీ కాకపోతే వరెనిక్లిన్, బుప్రోపియాన్ లాంటి నికోటిన్ లేని మాత్రలు ఉన్నాయి, అవి డాక్టర్ రాసి ఇవ్వాల్సినవి. వెళ్ళేటప్పుడు ఆ నోట్స్ పట్టుకెళ్ళండి, మోతాదు తేల్చడానికి డాక్టర్ అడిగే ప్రశ్నల్లో సగం వాటికి జవాబులు అందులోనే ఉంటాయి.